కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే తప్పు ఎవరిది? గుణదల షాపు నుంచి 'జ్ఞా' అక్షరం దాకా

ఈ వారం చరిత్ర ఎపిసోడ్ రాజులతో కాదు, యుద్ధాలతో కాదు, మా ఇంటి గొడవతో మొదలుపెడతాను. అది చిన్న గొడవే, కానీ ఒక కుర్రాడి ఉద్యోగం దాదాపు పోయినంత పని అయింది. దాన్ని తేల్చడానికి నేను చదివిన పాత సంగతులే ఈరోజు మీకు చెప్పబోతున్నాను.

గుణదల అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది కొండ మీద మేరీ మాత. 1924లో ఇక్కడ మాత విగ్రహం పెట్టారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు. కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, తలనీలాలు ఇచ్చేవాళ్లు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఆ మూడు రోజులూ కొండకి వెళ్లే దారిలో చిన్న షాపులకి కూడా చేతినిండా పని. అలాంటి ఒక షాపు మా బాబాయిది. డీటీపీ, జిరాక్సు, కలర్ ప్రింట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఒక లేజర్ ప్రింటర్, ఒక జిరాక్సు మెషీను, ఒక కంప్యూటర్. పాత పెద్ద సీపీయూ బల్ల కింద కాళ్లకి అడ్డం పడుతోందని తీసేసి, ఒక చిన్న డెస్క్‌టాప్ కొన్నారు. టిఫిన్ క్యారియర్ గిన్నె అంత ఉంటుంది, మానిటర్ పక్కన పెడితే కనపడదు కూడా.

షాపులో ఒక కుర్రాడు పనిచేస్తాడు. డిప్లొమా చదువుతున్నాడు, సింగ్‌నగర్ నుంచి సైకిల్ మీద వస్తాడు. పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు.

ఉత్సవాల వారంలోనే ఆ చిన్న కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. పని మధ్యలో టక్కున స్క్రీన్ నల్లబడుతుంది. రెండు సెకన్లకి తనంతట తనే మళ్లీ ఆన్ అవుతుంది. అప్పటిదాకా టైప్ చేసింది పోతుంది. రోజుకి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు. ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటాడు, అప్లికేషన్‌కి అదే ఆఖరి రోజు అయి ఉంటుంది. ఇంక బాబాయి సంగతి చెప్పక్కర్లేదు.

మొదటి నింద ఎవరి మీద పడుతుంది చెప్పండి? కుర్రాడి మీదే. "ఏరా, గేములు ఎక్కించావా? ఎవరెవరి పెన్‌డ్రైవులో పెట్టి వైరస్ తెచ్చావా?" అని బాబాయి రోజూ చీవాట్లు. వాడు "లేదండి, నేనేం చేయలేదండి" అంటాడు. విండోస్ ఫార్మాట్ చేయించారు. ఆగలేదు. మళ్లీ చేయించారు. ఆగలేదు. ఎవరో ర్యామ్ అన్నారు, కొత్త ర్యామ్ వేయించారు. దాని డబ్బులు కుర్రాడి జీతంలోంచి పట్టుకున్నారు. అయినా ఆగలేదు. "నెలాఖరుకి వేరే మనిషిని చూసుకుంటా" అని బాబాయి నాకు ఫోన్‌లో చెప్పారు.

నాకు ఒక అనుమానం వచ్చింది. కంప్యూటర్లు ఆగిపోవడం ఈరోజు మొదలైంది కాదు. ముందు తరాలవాళ్లు దీన్ని ఎలా పట్టుకున్నారు? ముందు ఎవరిని తిట్టారు? తర్వాత అసలు కారణం ఎక్కడ దొరికింది? ఆ మూడు వారాలూ ఇదే చదివాను. మా షాపులో అసలు దొంగ ఎవరో చివర్లో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి.

1947: పురుగూ, పుస్తకమూ

ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన మార్క్ 2 అనే కంప్యూటర్. గది నిండా ఉండే మెషీను. లోపల చిప్పులు లేవు, రిలేలు ఉంటాయి. రిలే అంటే కరెంటుతో టక్ టక్‌మని మూసుకుని తెరుచుకునే స్విచ్చు. 1947 సెప్టెంబర్ 9న అది తప్పు చేస్తోంది. వెతికితే ప్యానెల్ ఎఫ్‌లో 70వ నంబర్ రిలేలో ఒక చిమ్మటపురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగానే పురుగు దొరికిన మొదటి కేసు ఇదని పక్కన సరదాగా రాసిపెట్టారు. ప్రసిద్ధ ప్రోగ్రామర్ గ్రేస్ హాపర్ ఆ టీమ్‌లో పనిచేశారు. తర్వాత ఈ కథని ఊరూరా చెప్పింది ఆవిడే. ఆ పుస్తకం పురుగుతో సహా ఇప్పటికీ అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

'బగ్' అనే మాట అప్పుడే పుట్టిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది కరెక్టు కాదు. మెషీన్లలో లోపాన్ని బగ్ అనడం అంతకుముందే ఉంది. 1878లోనే థామస్ ఎడిసన్ ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. అందుకే 'నిజంగానే పురుగు' అన్న జోకు వాళ్లకి నవ్వొచ్చింది.

నాకు ఇక్కడ ముఖ్యమనిపించింది పురుగు కాదు, పుస్తకం. ఆ లాగ్‌లో ఆ రోజు ఎన్నింటికి మెషీను ఆన్ చేశారు, ఎన్నింటికి ఏ పరీక్ష నడిపారు, ఏది తప్పింది, అన్నీ టైమ్‌తో సహా ఉన్నాయి. పురుగు దొరికింది మధ్యాహ్నం 3:45కి అని ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే, అప్పుడు ఎవరో ఓపిగ్గా రాశారు కాబట్టి. అందులో ఎవర్నీ తిట్టలేదు. రాసుకున్నారు, వెతికారు.

2003: లెక్కలు ఎక్కువ చేశారట

ఇప్పుడు మా షాపులో ఉన్నదానికి దగ్గరి చుట్టం కథ. ఆఫీసుల్లో వాడే చిన్న డెస్క్‌టాప్‌ల కథ.

కెపాసిటర్ అనే భాగం గురించి ఒక్క నిమిషం. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి "కండెన్సర్ పోయింది" అని ఒక చిన్న డబ్బా మారుస్తాడు చూడండి, దానికి బంధువు ఇది. మదర్‌బోర్డు మీద చిన్న డ్రమ్ముల్లాగా నిలబడి ఉంటాయి. ప్రాసెసర్‌కి వెళ్లే కరెంటు ఎగుడుదిగుడు లేకుండా చూడటం వీటి పని. అపార్ట్‌మెంట్ మీద వాటర్ ట్యాంకు అనుకోండి. మోటారు ఆగినా, ఒకేసారి పది కుళాయిలు తిప్పినా, ట్యాంకు ఉంటే నీళ్లు సర్దుకుంటాయి. లోపల ఒక రసాయన ద్రవం ఉంటుంది. అది పాడైతే డబ్బా పైభాగం బూరెలాగా ఉబ్బుతుంది, తర్వాత కారుతుంది. అప్పుడు కంప్యూటర్ ఒక్కసారిగా చచ్చిపోదు. ముందు రోజుకోసారి ఆగుతుంది, తర్వాత గంటకోసారి. పనెక్కువైనప్పుడు ఇంకా తొందరగా.

2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతా చాలా కంపెనీల మదర్‌బోర్డుల్లో ఇలాంటి చెడ్డ కెపాసిటర్లు పడ్డాయి. అప్పుడు రిపేరు షాపుల్లో కూర్చున్న మెకానిక్‌లని అడగండి, ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి సోల్డరింగ్ చేసిన కథలు చెప్తారు. వాటిలో పెద్ద పేరు పడ్డది డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ డెస్క్‌టాప్‌లది. ఆఫీసులకీ, కాలేజీలకీ వేలకివేలు అమ్మినవి. 2003 మే నుంచి 2005 జూలై మధ్య అమ్మిన 1 కోటి 18 లక్షల మెషీన్లకి ఈ ప్రమాదం ఉందని తర్వాత ఒక కోర్టు కేసు పత్రాల్లో బయటపడింది. మార్చడానికీ బాగుచేయడానికీ ఆ కంపెనీ 30 కోట్ల డాలర్లు ఖర్చు కింద పక్కన పెట్టింది.

2010లో ఆ పత్రాలు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాయి. అందులో ఒక ముక్క చదివి నేను కుర్చీలోంచి లేచాను. టెక్సస్ యూనివర్సిటీ గణిత విభాగంలో ఈ కంప్యూటర్లు వరసగా పోతుంటే, వాళ్లకి వచ్చిన జవాబు ఏంటో తెలుసా? మీరు కష్టమైన లెక్కలు చేయించి మెషీన్‌ని ఇబ్బంది పెట్టారు, అందుకే పోయిందని. లెక్కల మాస్టార్లు లెక్కలు చేశారని నింద! మా బాబాయి కుర్రాడిని అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? మెషీన్ ముందు ఎవరు కూర్చుంటే వాళ్లదే తప్పు.

ఇక్కడే మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి కెపాసిటర్ చుట్టూ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగం అవుతుందని ఇంజనీర్లు ఒక అంచనా లెక్క వాడతారు. చిన్న డెస్క్‌టాప్ అంటే చిన్న డబ్బా, లోపల గాలి తక్కువ, ఫ్యాన్ చిన్నది. దాన్ని మే నెలలో, 45 డిగ్రీల బెజవాడ ఎండలో, రేకుల షెడ్డు కింద, గోడకి ఆనించి పెడితే? ఏసీ గదిలో ఏళ్లు నడిచే మెషీను ఇక్కడ అన్నేళ్లు నడవదు. అందుకే నేను కూడా మొదట మా షాపులో ఇదే అయి ఉంటుందనుకున్నాను. కానీ మాది ఫిబ్రవరిలో మొదలైంది. అప్పుడు గుణదలలో పొద్దున్నే స్వెట్టర్ వేసుకునే మనుషులున్నారు. లెక్క కుదరలేదు.

2018: మన అక్షరం మీద పడ్డ నింద

ఇప్పుడు మన తెలుగుకే జరిగిన కథ. మీ చేతిలో ఫోన్‌కి సంబంధించింది కూడా.

2018 ఫిబ్రవరి నడిమధ్యలో ప్రపంచమంతా ఒకటే వార్త: 'ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ని చంపేస్తోంది'. ఆ అక్షరం 'జ్ఞా' అని రాశారు. ఎవరైనా దాన్ని మెసేజ్‌గా పంపితే మెసేజ్ యాప్ మూతపడుతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే మెసేజ్ చూపించబోతుంది, మళ్లీ మూతపడుతుంది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ఘోరం. హోమ్ స్క్రీన్‌ని నడిపే ప్రోగ్రామే కూలిపోతుంది, లేస్తుంది, మళ్లీ అదే చూసి కూలిపోతుంది. ఐఫోన్లే కాదు, ఐప్యాడ్లు, వాచీలు, మ్యాక్ కంప్యూటర్లు కూడా. ఆకతాయిలు ట్విట్టర్‌లో తమ పేరు పక్కన ఆ అక్షరం పెట్టుకుంటే, చూసినవాళ్ల యాప్ మూతపడేది.

మాటిమాటికీ కూలడం అంటే ఏంటో ఇక్కడ బాగా అర్థమవుతుంది. ఒకసారి కూలితే ఇబ్బందే. కానీ లేవగానే మొదట చేసే పనిలోనే ఆ లోపం ఉంటే, లేవడమే మళ్లీ పడటానికి దారి. దీన్నుంచి బయటపడటానికి అప్పుడు జనం కనిపెట్టిన చిట్కా ఏంటంటే, వేరే ఫ్రెండ్‌తో ఇంకో మెసేజ్ పంపించుకోవడం. ఆ కొత్త మెసేజ్ ద్వారా యాప్ లోపలికి వెళ్లి, పాత సంభాషణని తెరవకుండానే డిలీట్ చేయడం. తలుపు తెరుచుకోకపోతే కిటికీలోంచి వెళ్లినట్టు.

మరి తప్పు మన అక్షరానిదా? రోజూ 'జ్ఞానం', 'జ్ఞాపకం' అని రాసుకుంటున్నాం కదా, అప్పుడు ఏ ఫోనూ పడిపోలేదే! మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీర్ ఆ వారంలోనే దీన్ని విడదీసి చూసి వివరంగా రాశాడు. అసలు సంగతి ఇదీ. ఆ అక్షరంలో కంటికి కనపడనిది ఒకటి ఉంది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఒక కనపడని కోడు, చివర ఆ దీర్ఘం.

ఆ కనపడని కోడు మీకు కొత్తదేం కాదు. 'ఆఫీస్‌లో' అని రాయాలనుకోండి. మామూలుగా టైప్ చేస్తే స కింద ల వత్తు వచ్చేసి 'ఆఫీస్లో' అవుతుంది. అలా కలవకుండా మధ్యలో ఒక అడ్డుగోడ పెడతాం. తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. అదే ఈ కోడు. కానీ మనం దాన్ని పొల్లు తర్వాత పెడతాం. ఆ మెసేజ్‌లో అది వత్తుకీ దీర్ఘానికీ మధ్య, మామూలుగా ఎవరూ పెట్టని చోట ఉంది.

తెలుగులో 'జ్ఞా' బొమ్మ గీయడం కంప్యూటర్‌కి అంత తేలిక కాదు. మనం ఆఖర్న పలికే దీర్ఘం పైన జ కి తగులుకోవాలి, ఞ కిందికి వత్తుగా దిగాలి. అంటే టైప్ చేసిన వరస వేరు, గీసే వరస వేరు. మధ్యలో ఆ అడ్డుగోడ ఎదురయ్యేసరికి యాపిల్ అక్షరాలు గీసే ప్రోగ్రామ్ లెక్క తప్పి, మెమరీని పాడుచేసింది. అక్కడితో కూలిపోయింది.

మనీష్ ఇంకో పని చేశాడు, నాకు బాగా నచ్చింది అదే. జ తీసి వేరే అక్షరం పెట్టి చూశాడు. దీర్ఘం మార్చి చూశాడు. తెలుగు వదిలేసి బెంగాలీలో చూశాడు, హిందీ రాసే దేవనాగరిలో చూశాడు. అక్కడా కూలింది! అంటే తెలుగుది తప్పు కాదు, జ్ఞ ది అసలే కాదు. ఒక రకమైన వరసని గీయడం ఆ ప్రోగ్రామ్‌కి రాలేదు. అంతకుముందు 2015 మే నెలలో కూడా అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్‌తో ఐఫోన్లు ఇలాగే కూలాయి. అప్పుడు నింద అరబిక్ మీద పడింది.

2018 ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వదిలింది, మ్యాక్‌లకి కూడా సరిచేసింది. మెమరీ పాడవడాన్ని సరిదిద్దామని రాసుకుంది. అక్షరం మారలేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది, ఈరోజుకీ అలాగే ఉంది. మారింది దాన్ని గీసే ప్రోగ్రామ్. కానీ గూగుల్‌లో వెతికి చూడండి, ఇప్పటికీ 'ఐఫోన్‌ని కూల్చిన తెలుగు అక్షరం' అనే ఉంటుంది. నింద అంత తొందరగా వదలదండీ.

2024: బోర్డు చూపించిన దారి వేరు, ఊరు వేరు

ఇంకా దగ్గరికొద్దాం. 2024లో రెండు జరిగాయి.

ఒకటి, ఇంటెల్ 13వ, 14వ తరం ప్రాసెసర్లు. గేములు ఆడేవాళ్లకి తెలిసే ఉంటుంది. గేమ్ మధ్యలో కూలిపోయి, వీడియో మెమరీ సరిపోలేదని మెసేజ్ వచ్చేది. మెసేజ్ చూసి జనం గ్రాఫిక్స్ కార్డు చెడిపోయిందనుకున్నారు. వేలకివేలు పెట్టి కార్డులు మార్చినవాళ్లున్నారు. అసలు లోపం ప్రాసెసర్‌లో. దానికి అందాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజి అందుతూ, లోపలి ఒక సర్క్యూట్ మెల్లమెల్లగా అరిగిపోతోంది. చివరికి ఇంటెల్ ఒప్పుకుని, సరిచేసే అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని ఇంకో 2 ఏళ్లు పెంచింది.

రెండోది 2024 జూలై 19. ఆ రోజు ప్రపంచమంతా కంప్యూటర్ల మీద నీలం తెర. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు. లేవడం, కూలడం, మళ్లీ లేవడం, మళ్లీ కూలడం. మన హైదరాబాద్ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఇచ్చిన చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫోటో అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరిగింది. పొద్దున జనం ఎవర్ని తిట్టారు? తెర విండోస్‌ది కాబట్టి మైక్రోసాఫ్ట్‌ని. అసలు కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్. వాళ్ల ప్రోగ్రామ్‌కి 20 విలువలు అందుతుంటే అది 21వది చదవబోయింది. అంతే. 78 నిమిషాల్లో ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్లు లేస్తేగా సరిదిద్దిన ఫైలు తీసుకునేది! చాలాచోట్ల మనుషులే ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు డిలీట్ చేశారు.

నింద ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇంకొక్కటి. ఇది కూలడం గురించి కాదు, తప్పుడు లెక్కల గురించి. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ పెట్టారు. అది డబ్బులు తక్కువ చూపించేది. కంప్యూటర్ తప్పు చెప్పదు, కాబట్టి పోస్టుమాస్టరే తిన్నాడన్నారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు. జైలుకెళ్లినవాళ్లున్నారు, ఇళ్లు అమ్ముకున్నవాళ్లున్నారు. 2024లో ప్రత్యేకంగా చట్టం చేసి ఆ శిక్షలు కొట్టేశారు. అప్పటికి కొందరు బతికి లేరు. మా షాపులో ర్యామ్ డబ్బులు జీతంలో పట్టుకోవడం దీని ముందు ఎంత? చిన్నదే. కానీ మొదలయ్యేది మాత్రం ఒకే చోట అనిపించింది నాకు.

మళ్లీ గుణదల

మార్చిలో నేను గుణదల వెళ్లాను. బాబాయి భోజనానికి ఇంటికెళ్లినప్పుడు కుర్రాడిని అడిగాను, "ఎప్పుడెప్పుడు ఆగిపోయిందో గుర్తుందా?" అని. వాడు అటూ ఇటూ చూసి, పేపర్ల కట్ట కింద నుంచి ఒక చిన్న నోట్‌బుక్ తీశాడు.

"రాసి పెట్టుకున్నానన్నా. రేపు నన్ను తీసేస్తే కనీసం నేను చేయలేదని చెప్పడానికి ఉంటుందని."

పదిహేడు ఎంట్రీలు. తేదీ, టైము, ఏం తెరిచి ఉంది, షాపులో ఎవరున్నారు. పక్కన ఒక చోట ఇలా ఉంది: 'మానిటర్ లైటు కూడా ఆరి వెలిగింది.' నాకు అక్కడ ఆగాలనిపించింది. ర్యామ్ చెడిపోతే మానిటర్ పవర్ లైటు ఎందుకు ఆరుతుంది? అది వేరే ప్లగ్గు కదా. అంటే లోపం ఆ చిన్న డబ్బాలోనే లేదు. రెండింటికీ కరెంటు వచ్చే చోట ఉంది.

మళ్లీ మొదటినుంచి చూశాం. పదిహేడులో పదిహేను 'ప్రింట్ ఇచ్చాక'. అది కూడా వరసగా ప్రింట్లు తీస్తున్నప్పుడు కాదు, చాలాసేపు ప్రింటర్ ఖాళీగా ఉండి మొదటి ప్రింట్ ఇచ్చినప్పుడు. మిగిలిన రెండింటి దగ్గరా 'ఏమీ చేయట్లేదు' అని ఉంది. "ఆ రెండుసార్లూ బాబాయిగారు ఫోన్‌లోంచి ప్రింట్ కొట్టారన్నా" అన్నాడు. పదిహేడుకి పదిహేడు!

లేజర్ ప్రింటర్ లోపల పొడి ఇంకుని కాగితానికి కరిగించి అతికించడానికి ఒక హీటర్ ఉంటుంది. చల్లగా ఉన్న హీటర్ ఒక్కసారిగా వేడెక్కాలంటే చాలా కరెంటు లాగుతుంది, ఇస్త్రీపెట్టె ఆన్ చేసినట్టు. బల్ల కింద వంగి చూశాను. ప్రింటర్ ప్లగ్గు గోడకి లేదు. యూపీఎస్ వెనక ఉంది. కంప్యూటర్, మానిటర్ ఉన్న అదే యూపీఎస్‌కి. అది 600 వీఏ చిన్న యూపీఎస్, ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు, పైగా బ్యాటరీ పాతది. ప్రింటర్ ఒక్క గుక్కలో లాగేసరికి యూపీఎస్ ఒక్క క్షణం చేతులెత్తేస్తోంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 41 నంబర్ ఎర్రర్లు వరసగా ఉన్నాయి. దాని అర్థం 'సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయాను' అని మాత్రమే. ఎందుకో అది చెప్పదు, దానికీ తెలియదు. రాష్ట్రం మొత్తం కరెంటు సంగతి చూసే విద్యుత్ సౌధ ఉన్న గుణదలలో, మాకు కరెంటు సంగతి ఆఖర్న గుర్తొచ్చింది.

ప్రింటర్‌ని జంక్షన్ బాక్సుతో గోడ సాకెట్‌కి పెట్టాం. గ్యాప్ ఇస్తూ సాయంత్రం దాకా ఇరవై ప్రింట్లు తీశాం. ఒక్కసారీ ఆగలేదు. మళ్లీ యూపీఎస్‌కే పెట్టి చూశాం. రెండో ప్రింట్‌కి టక్కున ఆగింది. అప్పుడు నమ్మాం.

బాబాయి వచ్చారు, అన్నీ చూశారు. "మరి ఆ ప్లగ్గు అక్కడ ఎవడు పెట్టాడ్రా?" అన్నారు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరి 9 పొద్దున, ఉత్సవాల వీడియో తీయడానికి వచ్చి, నా లైటు చార్జింగ్ పెట్టుకోవడానికి గోడ సాకెట్‌లోంచి ప్రింటర్ ప్లగ్గు పీకి, ఖాళీగా ఉందని యూపీఎస్ వెనక గుచ్చింది నేనే. ఈ చానల్ కోసమే. కుర్రాడి నోట్‌బుక్‌లో మొదటి ఎంట్రీ కూడా ఫిబ్రవరి 9, పదకొండు గంటలే.

"నేనే బాబాయ్" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గల్లా పెట్టె తెరిచి ర్యామ్ డబ్బులు తీసి కుర్రాడి చేతిలో పెట్టారు. ఆ డబ్బు నేను ఇచ్చాననుకోండి, అది వేరే సంగతి. వాడు డబ్బులు జేబులో పెట్టుకుని, "అన్నా, ఆ నోట్‌బుక్ ఇచ్చేయండి" అన్నాడు.

మీ దగ్గర ఇలా జరిగితే

చరిత్రలోంచి నేను నేర్చుకున్నవి చెప్పి ముగిస్తాను. ఫోన్‌కైనా కంప్యూటర్‌కైనా ఇవే.

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లు వేరే చోట కాపీ పెట్టుకోండి. కూలే మెషీను ఎప్పుడైనా శాశ్వతంగా కూలొచ్చు.

రాసుకోండి. తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నారు, చుట్టూ ఇంకేం ఆన్ అయింది. విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అని ఉంది, ఏ రోజు ఏది కూలిందో క్యాలెండర్‌లాగా చూపిస్తుంది. కానీ ప్రింటర్ సంగతి, వేడి సంగతి దానికి తెలియదు. అవి మీరే రాయాలి.

మొదటిసారి ఎప్పుడు జరిగిందో పట్టుకోండి. దానికి ముందు రోజు, అదే రోజు ఏం మారింది? కొత్త యాప్, కొత్త అప్‌డేట్, మార్చిన ప్లగ్గు, మార్చిన చోటు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఫార్మాట్, ర్యామ్, ప్లగ్గు అన్నీ ఒకేరోజు మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. బాగయ్యాక పాత పద్ధతికి ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. మళ్లీ కూలితేనే కారణం దొరికినట్టు.

ఖర్చు లేనివి ముందు చూడండి. ప్లగ్గులు, వేడి, దుమ్ము, ఫ్యాన్. ఆ తర్వాత విండోస్‌లోనే ఉన్న మెమరీ టెస్టు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సేఫ్ మోడ్‌లో ఆన్ చేసి, అప్పుడు ఆగకపోతే మీరు వేసుకున్న యాపుల్లో ఏదో ఒకటి అనుకోవచ్చు. డబ్బులు పెట్టి పార్టులు మార్చడం చివర్న.

తెర మీద వచ్చిన మెసేజ్‌ని చదవండి, కానీ అదే తీర్పు అనుకోకండి. ఎక్కడ పడ్డామో అది చెప్తుంది. ఎవరు తోశారో చాలాసార్లు చెప్పదు. మరీ ముఖ్యంగా, రాసుకున్నది చూడకముందు, మెషీన్ ముందు కూర్చున్న మనిషిని అనకండి. మా ఇంట్లో అన్నాం, తప్పు చేశాం.

కుర్రాడు ఇప్పటికీ ఆ షాపులోనే ఉన్నాడు. నోట్‌బుక్ మాత్రం ఇప్పుడు పేపర్ల కింద కాదు, మానిటర్ పక్కనే ఉంటుంది. బాబాయి కూడా అందులో రాస్తున్నారు.

మీ ఇంట్లో, మీ కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటిది జరిగి, చివరికి కారణం ఎక్కడో దొరికి ఉంటే కింద రాయండి. ముందు ఎవర్ని అన్నారో అది కూడా రాయండి. వచ్చే వారం ఇంకో సంగతితో కలుద్దాం. ఉంటానండి.